ఆర్కిటెక్ట్‌తో ఇల్లు కట్టించుకోవడం: మొదటి మాట నుంచి తాళాలు చేతికొచ్చేదాకా

ఆర్కిటెక్ట్‌ను పెట్టుకోవాలా వద్దా అని అడిగేవాళ్లు తగ్గారు. పెట్టుకున్నాక పని ఎలా చేయించుకోవాలి, ఎప్పుడు ఏం అడగాలి, ఎక్కడ సంతకం పెట్టాలి, ఎక్కడ ఆగాలి అని అడిగేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. ఇది వాళ్ల కోసం. కొత్త ఇంటికీ, పాత ఇంటి మరమ్మతుకూ వరస చాలావరకు ఒకటే. తేడా వచ్చిన చోట విడిగా చెప్పాను.

ఇంటి యజమానికీ ఆర్కిటెక్ట్‌కీ మధ్య వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం డిజైన్ బాగోలేక వచ్చేవి కావు. ఏది ఖాయమైందో, ఏది ఇంకా మాటల్లోనే ఉందో ఇద్దరికీ తెలియక వచ్చేవి. కాబట్టి కింద చెప్పిన ప్రతి అడుగులోనూ రెండు పనులు కనిపిస్తాయి: గోడ లేవకముందే తేల్చుకోవడం, తేల్చుకున్నది రాసిపెట్టుకోవడం.

## 1. కలవకముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మొదటిది డబ్బు లెక్క. చాలామంది కట్టుబడి ఖర్చునే మొత్తం ఖర్చు అనుకుంటారు. ఆర్కిటెక్ట్ ఫీజు, స్ట్రక్చరల్ ఇంజినీర్ (ఇంటి బరువు మోసే భాగాల లెక్కలు చేసేవాళ్లు) ఫీజు, మట్టి పరీక్ష, అనుమతులు, పన్నులు, నీళ్లు-కరెంటు కనెక్షన్లు, ప్రహరీ, అల్మారాలు, సామాను, పని జరిగినన్నాళ్లు వేరేచోట ఉండాల్సి వస్తే అక్కడి అద్దె, ఇవన్నీ దాని బయట ఉంటాయి. ముందు ఇవి తీసేసి, మిగిలిందే కట్టుబడికి ఉందనుకోండి.

అందులోంచి కూడా అనుకోని ఖర్చులకు కొంత పక్కన పెట్టాలి. కొత్త ఇంటికి 10 శాతం దాకా, పాత ఇంటి పనికి 15 నుంచి 20 శాతం పెట్టుకోవడం మంచిది. పాత గోడ తెరిచేదాకా లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు.

రెండోది, అసలు బడ్జెట్ దాచకండి. పూర్తి అంకె చెబితే అంతా ఖర్చు పెట్టించేస్తారన్న భయంతో తక్కువ చెప్పేవాళ్లున్నారు, ఆర్కిటెక్ట్ ముందు తగ్గడం ఇష్టంలేక ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండు సందర్భాల్లోనూ మీకు సరిపడని ఇల్లే కాగితం మీదికి వస్తుంది, దాన్ని తిరగగీయడానికి నెలలు పోతాయి. కట్టుబడికి ఇంత, దాటకూడని హద్దు ఇంత అని రెండు అంకెలూ చెప్పండి.

మూడోది, ఇంట్లో ఆఖరి మాట ఎవరిది? అందరూ అభిప్రాయాలు చెప్పాలి. ఆర్కిటెక్ట్‌కు మాత్రం ఒక్కరే చెప్పాలి. భార్య ఒకటి, భర్త ఒకటి, అన్నయ్య ఫోన్‌లో ఇంకొకటి చెబితే ఆర్కిటెక్ట్ చివరగా విన్న మాట మీద గీస్తారు.

మొదటి సమావేశానికి తీసుకెళ్లాల్సినవి:

- స్థలం లేదా ఇంటి హక్కు పత్రాల నకళ్లు
- సర్వే డ్రాయింగ్ ఉంటే అది, లేకపోతే చేత్తో గీసిన కొలతలు
- పాత ఇల్లయితే పాత ప్లాన్లు, ఇంతకుముందు చేయించిన మరమ్మతుల వివరాలు
- స్థలం నాలుగు మూలల నుంచీ, వీధి నుంచీ తీసిన ఫొటోలు
- బడ్జెట్ అంకెలు రెండూ
- ఎప్పటికల్లా కావాలి, ఆ తేదీ ఎందుకు ముఖ్యం
- కింద చెప్పబోయే అవసరాల పత్రం

## 2. అవసరాల పత్రం

మొత్తం పనిలో మీరు స్వయంగా చేయాల్సిన అతి ముఖ్యమైన పని ఇదే. వృత్తిలో దీన్ని బ్రీఫ్ అంటారు. రెండు మూడు పేజీలు చాలు, కానీ కూర్చుని రాయాలి.

సూత్రం ఒక్కటే: పరిష్కారం రాయకండి, అవసరం రాయండి. "వంటింటికి పెద్ద కిటికీ కావాలి" అని రాస్తే పెద్ద కిటికీ వస్తుంది. "వంట చేస్తుంటే పెరట్లో ఆడుకునే పిల్లలు కనబడాలి" అని రాస్తే పొయ్యి ఎటు ఉండాలో, కిటికీ అడుగు ఎంత ఎత్తులో మొదలవ్వాలో, పెరటి తలుపు ఎక్కడ రావాలో ఆర్కిటెక్ట్ ఆలోచిస్తారు. మీరు ఫీజు కడుతున్నది ఆ ఆలోచనకే.

ముందు ఒక మామూలు రోజు రాయండి. ఎవరు ముందు లేస్తారు, లేచాక ఎక్కడికెళ్తారు, అప్పుడు ఎవరి నిద్ర చెడకూడదు? ఉతికిన బట్టలు ఎక్కడ ఆరతాయి? బయటినుంచి రాగానే చెప్పులు, సంచులు, హెల్మెట్ ఎక్కడ పడతాయి? ఇంటి నుంచి పని చేసేవాళ్లు ఫోన్ మాట్లాడేటప్పుడు టీవీ ఎక్కడ మోగుతుంటుంది? ఇలా రాస్తే గదుల జాబితాలో కనబడని విషయాలు పైకి వస్తాయి.

తర్వాత ఇప్పుడున్న ఇంట్లో మిమ్మల్ని రోజూ విసిగించేవి రాయండి. "బాత్రూమ్ తలుపు తీస్తే వాష్ బేసిన్‌కు తగులుతుంది", "స్విచ్ తలుపు వెనకుంది", "రెండో మంచం వైపు ప్లగ్ పాయింటే లేదు". కొత్తిల్లు ఎలా ఉండాలో ఊహించడం చాలామందికి కష్టం. ఏది వద్దో మాత్రం ఎవరికైనా టక్కున తెలుస్తుంది.

సామాను లెక్కపెట్టండి. ఎన్ని జతల చెప్పులు, ఎన్ని పుస్తకాలు, ఎన్ని పరుపులు, ఎన్ని పెట్టెలు, ఎన్ని సైకిళ్లు. "స్టోరేజ్ బాగా కావాలి" అన్న మాటతో ఎవరూ ఏమీ గీయలేరు. "వరసగా నిలబెడితే 12 మీటర్లు వచ్చే పుస్తకాలు, మూడు పెద్ద సూట్‌కేసులు" అంటే గీస్తారు.

ఇప్పుడున్న ఇంట్లో మీకు నచ్చిన గది, ఇరుకనిపించే గది టేపుతో కొలిచి రాసుకోండి. మొదటి ప్లాన్ చేతికి వచ్చినప్పుడు అందులోని 3.6 మీటర్లు ఎంతో మీ ఒంటికి తెలియడానికి ఈ రెండు కొలతలే ఆధారం.

పదేళ్ల తర్వాతి సంగతీ చూడండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటారా? కింద అంతస్తులో ఒక పడకగది, దానికి ఆనుకుని బాత్రూమ్ ఉండాలా? చక్రాల కుర్చీ అవసరం రావచ్చనుకుంటే తలుపు తెరిచాక ఖాళీ కనీసం 800 మి.మీ., వీలైతే 900 మి.మీ. ఉండాలి, కుర్చీ తిరగడానికి 1500 మి.మీ. వృత్తమంత చోటు కావాలి. కట్టకముందు ఇది ఒక గీత జరపడంతో పోతుంది. కట్టాక గోడ పగలగొట్టాలి.

చివరికి అన్నీ మూడు వరసల్లో పెట్టండి: తప్పనిసరి, ఉంటే బాగుండు, వద్దు. బడ్జెట్ మించితే మొదట ఏది కొట్టేయాలో రెండో వరసే చెబుతుంది.

ఫొటోలు ఎన్నయినా పంపవచ్చు. కానీ ప్రతి ఫొటో కింద నచ్చిందేమిటో ఒక వాక్యం రాయండి. అదే ఫొటోలో మీకు వెలుగు నచ్చి ఉండవచ్చు, ఆర్కిటెక్ట్ రాతి గోడ నచ్చిందనుకోవచ్చు.

## 3. ఆర్కిటెక్ట్‌ను ఎంచుకోవడం

ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. అంతకన్నా ఎక్కువైతే అన్నీ కలిసిపోయి ఏదీ గుర్తుండదు.

మొదట రిజిస్ట్రేషన్ చూడండి. చాలా దేశాల్లో ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవడానికి చట్టప్రకారం నమోదు కావాలి, ఆ జాబితాను సరిచూసుకునే వీలుంటుంది. తర్వాత కట్టి రెండు మూడేళ్లయిన ఇల్లొకటి చూపించమనండి. కొత్తగా రంగులేసిన ఇల్లు ఎవరిదైనా బాగుంటుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక కిటికీ మూలల్లో చెమ్మ మరకలున్నాయా, స్లాబ్ అంచు నుంచి నీళ్లు గోడమీదికి కారుతున్నాయా అన్నది అసలు పనితనం చూపిస్తుంది. ఆ ఇంటివాళ్లతో ఆర్కిటెక్ట్ పక్కన లేనప్పుడు ఒక ఐదు నిమిషాలు మాట్లాడండి. "మళ్లీ కట్టిస్తే వీళ్లనే పిలుస్తారా?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఆర్కిటెక్ట్‌ను అడగాల్సినవి:

- మా డ్రాయింగ్‌లు మీరే గీస్తారా, ఆఫీసులో ఇంకొకరా? సైట్‌కు ఎవరు వస్తారు?
- మా బడ్జెట్ స్థాయిలో ఇంతకుముందు ఏమేం చేశారు?
- పోయినసారి ఖర్చు అనుకున్నదానికన్నా పెరిగింది ఎక్కడ, ఎందుకు?
- స్ట్రక్చరల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ డ్రాయింగ్‌లు ఎవరు ఇస్తారు?
- ఇప్పుడు మీ చేతిలో ఎన్ని పనులున్నాయి?

మూడో ప్రశ్నకు "ఎప్పుడూ పెరగలేదు" అని జవాబొస్తే కాస్త ఆలోచించండి. ఎక్కడ పెరిగిందో, ఎలా సర్దారో విడమరచి చెప్పేవాళ్లు నమ్మదగినవాళ్లు.

ఒకటి మాత్రం చేయకండి: "ముందు ఒక ప్లాన్ ఫ్రీగా గీసి చూపించండి, నచ్చితే ఇస్తాం" అనడం. స్థలం చూడకుండా, మీ పత్రం చదవకుండా గీసిన ప్లాన్ మీ ఇంటి గురించి ఏమీ చెప్పదు. ఆలోచన చూడాలనుకుంటే చిన్న ఫీజు ఇచ్చి తొలి దశ వరకే ఒప్పుకోండి.

## 4. ఫీజు, అగ్రిమెంట్

ఫీజు సాధారణంగా నాలుగు రకాలు: కట్టుబడి ఖర్చులో శాతం, మొత్తంగా ఒక అంకె, విస్తీర్ణం లెక్కన, గంటల లెక్కన. శాతం లెక్కైతే "ఏ ఖర్చు మీద శాతం" అన్నది రాయించుకోండి. అల్మారాలు, లిఫ్టు, తోట అందులోకి వస్తాయా రావా అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. మొత్తం అంకె అయితే ఆ అంకెలో ఏముందో రాయించుకోవాలి. ఎంత పనో ముందే తేలని చిన్న మరమ్మతులకు గంటల లెక్క నప్పుతుంది.

డబ్బు దశలవారీగా కట్టండి. బ్రిటన్‌లో ఆర్కిటెక్ట్‌ల సంస్థ రీబా వాడే పని ప్రణాళికలో 0 నుంచి 7 వరకు ఎనిమిది దశలున్నాయి. అమెరికాలో ఐదు దశల లెక్క వాడుకలో ఉంది: తొలి రూపం, రూపాన్ని పెంచడం, నిర్మాణ డ్రాయింగ్‌లు, కాంట్రాక్టర్ ఎంపిక, నిర్మాణ పర్యవేక్షణ. పేర్లు ఏవైనా సరే, ప్రతి దశ చివర మీ చేతికి ఏం వస్తుంది, అప్పుడు ఎంత కట్టాలి అన్నది పట్టికగా ఉండాలి.

సంతకానికి ముందు చూసుకోవాల్సినవి:

- ప్రతి దశలో ఎన్నిసార్లు మార్పులు ఉచితం, ఆ తర్వాత ఎంత
- సైట్‌కు ఎన్నిసార్లు వస్తారు, అదనంగా వస్తే ఎంత
- ఇంజినీర్ల ఫీజు ఇందులో ఉందా, విడిగానా
- మధ్యలో ఆపేస్తే ఎవరు ఎంత ఇవ్వాలి
- డ్రాయింగ్‌లు వాడుకునే హక్కు ఎవరిది

చివరి అంశాన్ని చాలామంది పట్టించుకోరు. డ్రాయింగ్‌ల కాపీరైట్ సాధారణంగా గీసినవాళ్లదే. మీరు కొనుక్కునేది ఆ స్థలంలో ఆ ఇంటిని ఒకసారి కట్టుకునే అనుమతి. మధ్యలో ఆర్కిటెక్ట్ మారితే పాత డ్రాయింగ్‌లు వాడుకోవచ్చా అన్నది ముందే రాసి ఉండాలి.

పర్యవేక్షణ అన్న మాట దగ్గరా ఆగండి. ఆర్కిటెక్ట్ అప్పుడప్పుడూ వచ్చి పని డ్రాయింగ్ ప్రకారం జరుగుతోందా అని చూస్తారు. రోజూ నిలబడి ఇటుకలు లెక్కపెట్టరు. రోజూ ఎవరో ఉండాలంటే సైట్ ఇంజినీర్‌ను విడిగా పెట్టుకోవాలి.

## 5. స్థలాన్ని, పాత ఇంటిని పరీక్షించడం

కొత్త ఇంటికి సర్వే, మట్టి పరీక్ష రెండూ డిజైన్‌కు ముందే కావాలి. పునాది రకం, లోతు మట్టిని బట్టే తేలతాయి. "పక్కింటికి ఇదే పునాది వేశారు" అన్నది ఆధారం కాదు. రెండు స్థలాల మధ్య పూడ్చిన బావో, నింపుడు మట్టో ఉండవచ్చు.

పాత ఇంటికి ఇంకొంచెం ఎక్కువ పని ఉంటుంది.

ఇల్లంతా కొలిచి డ్రాయింగ్ గీయించండి. పాత ప్లాన్ చేతిలో ఉన్నా సరే. కట్టినప్పుడు మారినవి, తర్వాత మార్చినవి అందులో ఉండవు.

ఏ గోడ బరువు మోస్తోందో స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో తేల్చండి. గోడ మందం చూసి, తట్టి చూసి మేస్త్రి చెప్పే మాట మీద గోడ తీయకండి. పైన స్లాబ్ దాని మీద కూర్చుందా, బీమ్ మీద కూర్చుందా అన్నది పైనుంచి కింది దాకా చూసి చెప్పాల్సిన విషయం.

అనుమానమున్న చోట రెండు మూడు చోట్ల ప్లాస్టర్ తీసి, ఫాల్స్ సీలింగ్ ఒక పలక విప్పి చూడమనండి. కాలమ్ మూలల్లో నిలువు పగుళ్లు, తుప్పు మరకలు ఉంటే లోపలి కమ్మీ ఉబ్బుతోందని అర్థం, దాని మీద మళ్లీ ప్లాస్టర్ కొట్టి ముందుకెళ్లకూడదు. చెమ్మకు మూలం దొరక్కుండా పుట్టీ, రంగు వేయించకూడదు. పాత వైరింగ్ ఎన్నేళ్లదో, ఎర్తింగ్ ఉందో లేదో చూడాలి. పాత సిమెంటు రేకులు, పైపుల్లో ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే పీచు) ఉండే వీలుంది కాబట్టి వాటిని కోయకూడదు, పగలగొట్టకూడదు. ఆ పని తెలిసినవాళ్లతోనే తీయించాలి.

## 6. డ్రాయింగ్ చదవడం

ప్లాన్ చేతికొచ్చాక "బాగుంది" అనేసి పంపించేవాళ్లే ఎక్కువ. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటం. ప్లాన్ చదవడం మీ వృత్తి కాదు, అడగడంలో తప్పేమీ లేదు. కింది వరసలో చూడండి.

స్కేలు. 1:100 అంటే కాగితం మీద 1 సెం.మీ. నిజానికి 1 మీటరు. 1:50లో 2 సెం.మీ. ఒక మీటరు. కాగితాన్ని స్కేలుతో కొలిచి నిర్ణయాలు చేయకండి, ప్రింట్‌లో సైజు మారుతుంది. రాసి ఉన్న అంకెలే ఆధారం.

నడక. వీధి గేటు నుంచి పెన్సిల్‌తో నడవండి. తలుపు తీయండి, చెప్పులు విప్పండి, చేతులు కడుక్కోండి, కూరగాయల సంచి వంటింట్లో పెట్టండి. రాత్రి పడకగది నుంచి బాత్రూమ్‌కు వెళ్లండి. మీరు రాసిన మామూలు రోజును ఆ ప్లాన్‌లో మొదటి నుంచి చివరిదాకా గడపండి. పెన్సిల్ ఎక్కడ ఆగిందో అక్కడ ప్రశ్న రాయండి.

సామాను. ప్రతి గదిలో మంచం, బల్ల, బీరువా అసలు కొలతలతో గీయించండి. ప్లాన్‌లో మంచం చిన్నదిగా గీస్తే గది పెద్దదిగా కనబడుతుంది. మంచం పక్కన నడవడానికి 600 మి.మీ. కన్నా తగ్గకూడదు. భోజనం బల్ల అంచు నుంచి గోడకు 750 నుంచి 900 మి.మీ. ఉంటేనే కుర్చీ వెనక్కి లాగగలరు. ఎదురెదురు వంటింటి గట్ల మధ్య 1050 నుంచి 1200 మి.మీ. ఉండాలి. గట్టు ఎత్తు సాధారణంగా 850 నుంచి 900 మి.మీ., కానీ వంట చేసే మనిషి ఎత్తును బట్టి అది మారాలి. ఈ ఒక్క కొలత ఎవరూ అడగరు, రోజూ నడుమునొప్పి తెచ్చేది అదే.

మెట్లు. ఒక్కో మెట్టు ఎత్తు 150 నుంచి 175 మి.మీ., పాదం పెట్టే వెడల్పు 250 నుంచి 300 మి.మీ. ఉంటే హాయిగా ఎక్కగలరు. రెండు ఎత్తులు, ఒక వెడల్పు కలిపితే 600, 640 మి.మీ. మధ్య రావాలి. అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండాలి. ఆఖరి మెట్టు ఒక్కటి తేడాగా ఉన్నా కాలు తడబడుతుంది. నేల మీద రాయి, టైల్ వేశాక ఎత్తు మారుతుంది కాబట్టి ఆ మందం లెక్కలో ఉందా అని అడగండి.

సెక్షన్. ఇంటిని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగ్ ఇది. ఎవరూ చూడనిదీ ఇదే. మెట్ల కింద తల తగులుతుందా, కిటికీ అడుగు మంచం కన్నా పైనుందా, బీమ్ గది మధ్యలో వేలాడుతోందా అన్నవి ఇందులోనే కనబడతాయి.

ఎండ. పడమటి గోడలో కిటికీ ఉంటే జాగ్రత్త. సాయంత్రపు ఎండ కిందిగా, అడ్డంగా వస్తుంది. కిటికీ పైన సన్‌షేడ్ ఎంత ముందుకు వేసినా దాన్ని పూర్తిగా ఆపలేదు. నిలువు అడ్డు, జాలీ, షట్టర్, చెట్టు, వీటిలో ఏదో ఒకటి కావాలి.

తలుపులు, స్విచ్‌లు. ప్రతి తలుపు ఎటు తెరుచుకుంటుందో, తెరిచాక దాని వెనక ఏముందో చూడండి. స్విచ్ గడి వైపు ఉండాలి, కీలు వైపు కాదు.

ఇంత చూశాక కూడా సైజు అందకపోతే, ఖాళీ నేల మీద సున్నంతోనో టేపుతోనో గది గీసి అందులో నిలబడండి. 1.2 మీటర్ల వెడల్పు బాత్రూమ్‌లో ఇద్దరు నిలబడి చూస్తే సంగతి తేలిపోతుంది.

3డి బొమ్మల విషయంలో ఒక హెచ్చరిక. అందులో కెమెరా వెడల్పుగా పెడతారు, వెలుగు ఎంత కావాలంటే అంత వేస్తారు. రంగు, రూపం చూడ్డానికి బాగుంటాయి. గది సైజు మాత్రం వాటిని చూసి ఒప్పుకోకండి.

ప్రతి సమావేశం అయిన రోజే ఇలా ఒక మెసేజ్ పంపండి:

"నమస్తే అండీ. ఈరోజు అనుకున్నవి: 1) మెట్లు ఉత్తరం గోడకు మారుస్తున్నారు. 2) కింద పడకగది 3.6 × 4.2 మీటర్లు, ఖాయం. 3) వంటింటి కిటికీ అడుగు ఎత్తు ఇంకా తేలలేదు, మీరు సోమవారం చెబుతానన్నారు. ఏదైనా తప్పుంటే చెప్పండి."

ఖాయమైనదీ, తేలనిదీ విడివిడిగా రాయడమే ఇందులో ముఖ్యం. ఈ మెసేజ్‌లన్నీ ఒకే గ్రూపులో ఉంచండి. ఫోన్‌లో మాట్లాడింది కూడా అక్కడికే రావాలి.

## 7. వర్కింగ్ డ్రాయింగ్‌లు పూర్తయ్యేదాకా పని మొదలెట్టకండి

ప్లాన్ నచ్చగానే పునాది తవ్వేయాలనిపిస్తుంది. కట్టడానికి కావాల్సిన వివరాలన్నీ ఉండే మిగతా డ్రాయింగ్‌లు (వీటినే వర్కింగ్ డ్రాయింగ్‌లు అంటారు) పని జరుగుతుండగా వస్తాయిలే అనుకుంటారు. ఖర్చు పెరిగే అతి పెద్ద దారి ఇదే.

ఒక ఉదాహరణ. బాత్రూమ్ మురుగు పైపు 1:50 వాలులో 4 మీటర్లు నడవాలంటే ఆ దూరంలో 80 మి.మీ. కిందికి దిగాలి. ఆ దారిలో బీమ్ అడ్డొస్తే పైపు బీమ్ కింద నుంచి పోవాలి, అంటే కింది గదిలో సీలింగ్ దిగుతుంది. స్ట్రక్చరల్ డ్రాయింగ్, ప్లంబింగ్ డ్రాయింగ్ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది పది నిమిషాల్లో దొరుకుతుంది. స్లాబ్ వేశాక దొరికితే బీమ్‌కు రంధ్రం కొట్టాలన్న ఆలోచన వస్తుంది. ఇంజినీర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బీమ్‌కు, కాలమ్‌కు రంధ్రం కొట్టనివ్వకండి.

పని మొదలవడానికి ముందు చేతిలో ఉండాల్సినవి:

- కొలతలున్న ప్లాన్లు, ఎలివేషన్లు (ఇంటి గోడలను ఎదురుగా నిలబడి చూసినట్టు చూపేవి), సెక్షన్లు
- పునాది, కాలమ్, బీమ్, స్లాబ్ స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లు
- ఎలక్ట్రికల్ పాయింట్లు. ఏసీ ఉంటే దాని నీళ్లు పోయే పైపు దారితో సహా
- ప్లంబింగ్, మురుగునీరు, వాననీటి దారులు
- తలుపులు, కిటికీల పట్టిక
- బాత్రూమ్‌లు, వంటిల్లు, మెట్ల వివర డ్రాయింగ్‌లు
- సామగ్రి నాణ్యత, బ్రాండ్ లేదా దానికి సమానమైనది రాసిన పత్రం
- అనుమతి పత్రాలు

ప్రతి డ్రాయింగ్ మూల తేదీ, రివిజన్ నంబరు ఉండాలి. కొత్తది రాగానే పాతదాని మీద అడ్డంగా గీత కొట్టి సైట్ నుంచి తీసేయండి. మేస్త్రి చేతిలో పాత కాగితం ఉండిపోతే గోడ పాత చోటే లేస్తుంది.

## 8. కాంట్రాక్టర్ ఎంపిక

అందరికీ ఒకే డ్రాయింగ్‌లు, ఒకే పనుల పట్టిక ఇచ్చి రేట్లు అడగండి. విస్తీర్ణం లెక్కన ఒక్క అంకె చెప్పే కొటేషన్లను పోల్చి చూడలేం, ఒకరి అంకెలో వాటర్‌ప్రూఫింగ్ ఉంటుంది, ఇంకొకరి దాంట్లో ఉండదు. పట్టికలో అంశం వారీగా చూడమని ఆర్కిటెక్ట్‌ను అడగండి. మిగతావాళ్లకన్నా బాగా తక్కువ చెప్పినవాళ్లు ఏదో అంశం మర్చిపోయి ఉంటారు, అది తర్వాత అదనపు బిల్లుగా వస్తుంది.

డబ్బు పూర్తయిన పనికే ఇవ్వండి. ప్రతి బిల్లులో కొంత శాతం, సాధారణంగా 5 నుంచి 10, ఆపి ఉంచుకుని లోపాల గడువు (అప్పగించాక బయటపడ్డ లోపాలను కాంట్రాక్టర్ సరిచేయాల్సిన కాలం) ముగిశాక ఇచ్చే పద్ధతి అగ్రిమెంట్‌లో రాయించండి. ఆ గడువు 6 నుంచి 12 నెలలు ఉండటం మామూలే.

## 9. పని జరిగేటప్పుడు

సైట్‌లో మాట ఒక్క దారిలోనే నడవాలి: మీరు ఆర్కిటెక్ట్‌కు, ఆర్కిటెక్ట్ కాంట్రాక్టర్‌కు, కాంట్రాక్టర్ మేస్త్రికి. మీరు నేరుగా మేస్త్రితో "ఈ గోడ ఒక అడుగు జరుపు" అంటే ఆయన జరిపేస్తారు. దాని మీద రావాల్సిన బీమ్ మాత్రం జరగదు. ఏదైనా తేడా కనబడితే ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ప్రమాదకరంగా కనబడితే మాత్రం పని ఆపమని అక్కడికక్కడే చెప్పండి.

వారానికి ఒక రోజు, ఒకే వేళకు సైట్‌లో కలవండి. ఈ కింది చోట్ల ఆర్కిటెక్ట్‌గానీ ఇంజినీర్‌గానీ చూడకుండా పని ముందుకు పోకూడదని అగ్రిమెంట్‌లోనే ఉండాలి:

- ముగ్గు పోసి మార్కింగ్ చేశాక, తవ్వకముందు
- పునాదిలో, స్లాబ్‌లో కమ్మీ కట్టాక, కాంక్రీట్ పోయకముందు
- గోడల్లో పైపులు, వైర్ల గొట్టాలు పెట్టాక, ప్లాస్టర్‌కు ముందు
- వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్‌కు ముందు
- ఫాల్స్ సీలింగ్ మూయకముందు

ప్లాస్టర్‌కు ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీయండి. పదేళ్ల తర్వాత మేకు కొట్టాలన్నా, లీకు వెతకాలన్నా పైపు ఎక్కడుందో ఆ ఫొటోలే చెబుతాయి.

బాత్రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు నిలబెట్టి కనీసం 24 గంటలు వదిలేసి, కింద నుంచి చూడాలి. ఇది వద్దనే కాంట్రాక్టర్ మాట వినకండి.

కాంక్రీట్ గురించి మూడు మాటలు. బిగుసుకుంటోందని నీళ్లు కలపనివ్వకండి, బలం తగ్గుతుంది. కనీసం 7 రోజులు తడి ఆరకుండా చూడండి. కాంక్రీట్ బలాన్ని 28 రోజుల లెక్కన కొలుస్తారు కాబట్టి సెంట్రింగ్ (కాంక్రీట్ గట్టిపడేదాకా కింద మోసే చెక్కల కట్టు) ఎప్పుడు విప్పాలో ఇంజినీర్ చెప్పాలి, ఆ చెక్క ఇంకో పనికి కావాలనుకునే కాంట్రాక్టర్ కాదు.

## 10. మధ్యలో మనసు మారితే

మారుతుంది. గోడలు లేచాక గది కళ్లముందు కనబడుతుంది, కొత్త ఆలోచనలొస్తాయి. తప్పు కాదు. అయితే ప్రతి మార్పుకూ ఒక చిన్న కాగితం కావాలి: ఏం మారుతోంది, ఎందుకు, ఖర్చు ఎంత పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ఎన్ని రోజులు ఆలస్యం, ఇంకే డ్రాయింగ్ మారాలి. కింద మీరు, ఆర్కిటెక్ట్, కాంట్రాక్టర్ సంతకాలు. సంతకాలు పడకుండా పని మొదలవకూడదు.

"చిన్న మార్పే కదా, లెక్క తర్వాత చూద్దాం" అన్న మాట కాంట్రాక్టర్ నోట వచ్చినా, మీ నోట వచ్చినా అక్కడే ఆపండి.

అందంగా కనబడే వాటిలో, టైల్స్, కుళాయిలు, రంగుల్లో, ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు, తర్వాత మార్చుకోవచ్చు. పునాది, వాటర్‌ప్రూఫింగ్, వైరింగ్, కిటికీల నాణ్యతలో తగ్గించుకోకండి. బడ్జెట్ బిగిసినప్పుడు ఆర్కిటెక్ట్‌ను "ఎక్కడ చవకది వాడదాం" అని కాకుండా "ఏది తర్వాత చేసుకోవచ్చు" అని అడిగితే మంచి జవాబులొస్తాయి.

## 11. మాట కుదరనప్పుడు

డ్రాయింగ్‌లు ఆలస్యమవుతున్నాయా? తిట్టకముందు మీ నుంచి ఆగిన నిర్ణయాలేమైనా ఉన్నాయేమో గ్రూపులో వెనక్కి చూడండి. లేకపోతే ఏ డ్రాయింగ్ ఏ తేదీకి కావాలో పట్టిక రాసి పంపండి.

డిజైన్ నచ్చలేదా? "ఏదో బాగోలేదు" అనకండి. అవసరాల పత్రంలో ఏ వాక్యం తీరలేదో చూపించండి.

నమ్మకమే పోయిందా? అగ్రిమెంట్‌లోని ఆపే షరతు ప్రకారం రాతపూర్వకంగా చెప్పి, జరిగిన పనికి డబ్బు చెల్లించి, డ్రాయింగ్‌లు తీసుకుని విడిపోండి. స్లాబ్ పోసే వారంలో కాకుండా, ఒక దశ ముగిశాక విడిపోవడం అందరికీ మంచిది.

## 12. అప్పగింత

గృహప్రవేశం తేదీ దగ్గరపడేదాకా లోపాల జాబితాను ఆపకండి, అప్పటికి ఎవరికీ తీరిక ఉండదు. కనీసం రెండు వారాల ముందు ఆర్కిటెక్ట్‌తో కలిసి గది గదికీ తిరగండి. ప్రతి కుళాయి తిప్పండి, ప్రతి స్విచ్ వేయండి, ప్రతి కిటికీ మూసి తెరవండి, బాత్రూమ్ నేల మీద బకెట్ నీళ్లు పోసి జాలీ వైపు పోతున్నాయా చూడండి. మేడ మీద కూడా అదే చేయండి. జాబితాలో ప్రతి లోపం పక్కన ఎవరు, ఎప్పటికల్లా అని రాయండి.

ఆఖరి బిల్లుకు ముందు తీసుకోవాల్సినవి:

- కట్టినది కట్టినట్టుగా చూపే చివరి డ్రాయింగ్‌లు
- ప్లాస్టర్‌కు ముందు తీసిన ఫొటోలు
- వారంటీ కాగితాలు, పంపు, హీటర్, లిఫ్టు వంటివాటి మాన్యువల్స్
- రంగు, టైల్ కోడ్‌లు, మిగిలిన టైల్స్ ఒక పెట్టె
- పూర్తయినట్టు ధ్రువీకరించే అధికారిక పత్రం, మీ చోట అది అవసరమైతే

ఆపి ఉంచిన డబ్బు విడుదల చేసే తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి. దానికి ముందు ఒక వానాకాలం గడిచేలా చూసుకుని, గట్టి వాన పడిన మర్నాడు ఆర్కిటెక్ట్‌ను, కాంట్రాక్టర్‌ను పిలిచి కిటికీల కింది మూలలు, బాత్రూమ్ కింద సీలింగ్, మేడ అంచు గోడ అడుగు చేత్తో తడిమి చూడండి. తడి తగిలిన చోట ఫొటో తీసి, తేదీతో జాబితాలో చేర్చి, అది బాగయ్యాకే డబ్బు ఇవ్వండి.